రుజువు కోసం తెచ్చిన తేనె

తేనె కొని తెమ్మని పంపితే, ఇంకా పేరైనా పెట్టని ఒక పసిప్రాణం బతుకును అడ్డం తిప్పి వచ్చినవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే. దొంగతనాలు చేసినవాళ్లకు కోర్టులున్నాయి, జైళ్లున్నాయి. నేను చేసిన పనికి ఏ కోర్టులోనూ శిక్ష రాసిపెట్టలేదు కాబట్టి ఇన్నేళ్లుగా శాలిబండ గల్లీలో తలెత్తుకుని తిరుగుతున్నాను. జరిగిందంతా ఇప్పుడు మీ ముందు పెడతాను. నవ్వితే నవ్వండి గాని మధ్యలో లేచి పోకండి. ఎందుకంటే మొదటి సగంలో నేను చాలా తెలివైనవాడిలా కనిపిస్తాను. అక్కడితో ఆపేస్తే మీరు కూడా మోసపోతారు.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతున్నా దాని సెగ మా వంటింటి దాకా వచ్చింది. బజారులో చక్కెర కనిపించకుండా పోయింది. రేషను దుకాణం ముందు పొద్దున్నే నిలబడితే ఎండ నెత్తికెక్కే వేళకు చిన్న పొట్లం చేతికొచ్చేది. దాన్ని చొక్కా లోపల దాచుకుని, ఎవరైనా పలకరిస్తే ఆగకుండా, ఇంటికి పరుగెత్తుకొచ్చేవాళ్లం. చుట్టాలు వస్తే బెల్లం చాయే. బెల్లం చాయ్ ఒంటికి మంచిదని అందరం ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఒక్కరం కూడా నమ్మేవాళ్లం కాదు.

నేనప్పుడు మీసం దిద్దుకునే వయసులో ఉన్నాను. బేగంబజార్‌లో ఒక ఇత్తడి సామాన్ల దుకాణంలో పని. నా పని గిన్నెలు అమ్మడం కాదు, గిన్నెలను అనుమానించడం. బండి మీద సరుకు దిగగానే ప్రతి బిందెనూ, ప్రతి గంగాళాన్నీ ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో కొట్టి మోత వినాలి. మోత సాగితే మంచిది. మధ్యలో తెగితే ఎక్కడో కంటికి కనబడని పగులున్నట్టు. దాన్ని పక్కన పెట్టేయాలి. సేటు నన్ను మెచ్చుకోని రోజు లేదు. దాంతో నాకు లోకంలో ప్రతి వస్తువుకూ ఎక్కడో పగులుంటుందనీ, దాన్ని పట్టుకోవడానికే దేవుడు నన్ను పుట్టించాడనీ గట్టి నమ్మకం ఏర్పడింది. కూరగాయలమ్మి వంకాయలు తూస్తుంటే తక్కెడ కింద చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. పాలలో నీళ్లు కలిశాయేమోనని కన్నతండ్రిని, మా బాపును కూడా అడిగాను. మా బాపుకు పాల వ్యాపారం, ఇంటి వెనక బర్లు కట్టేసి ఉండేవి, ఆయన నా కళ్ల ముందే పిండి తెచ్చిన పాలవి. ఆయన నా వంక చూసి, చెంబు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

మా అక్క గురించి చెప్పాలి. అమ్మ పోయేనాటికి నాకు మాటలు కూడా సరిగా రావు. అక్క కూడా చిన్నపిల్లే, అయినా నన్ను చంకన వేసుకునే రొట్టెలు చేసింది, బర్లకు కుడితి పెట్టింది. దానికి పెళ్లి కుదిరినప్పుడు నేను దాని కొంగు వదలనని లొల్లి చేశాను. అందరూ పెళ్లికూతురి వెంట సారె పంపుతారు, మావాళ్లు నన్ను పంపారు. అత్తగారింట్లో కొత్త కోడలు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని దిగితే ఎన్ని మాటలు పడి ఉంటుందో నాకు పెద్దయ్యాక గాని తెలియలేదు. నేను కాస్త ఎదిగి బాపు దగ్గరికి తిరిగొచ్చేదాకా అది ఒక్కరోజు కూడా నన్ను విసుక్కోలేదు.

అటువంటి అక్కకు చాలా ఏళ్ల దాకా పిల్లలు కలగలేదు. మొక్కని దేవుడు లేడు, వెళ్లని దర్గా లేదు. చివరికి ఆశ వదులుకున్నాక కడుపు పండింది. కానుపుకు శాలిబండకు, మా ఇంటికి వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఆగి, తన పొట్ట మీద చెయ్యి వేసి, ఉన్నదా లేదా అన్నట్టు చూసుకునేది.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. బిడ్డ పుట్టగానే, ఇంకా ఏమీ నోట్లో పడకముందే, ఎవరో ఒకరు వేలికొసతో తేనె తీసి నాలుకకు రాయాలి. పక్కనున్న ముసల్మానుల ఇళ్లలోనూ ఇదే పద్ధతి, వాళ్లు ఘుట్టీ అనేవాళ్లు. ఎవరి వేలి తేనె మొదట నాలుకకు తగులుతుందో వాళ్ల గుణమే బిడ్డకు వస్తుందని అందరి నమ్మకం. ఇప్పటి డాక్టర్లు పసివాళ్లకు తేనె పెట్టవద్దంటున్నారు, వాళ్ల మాటే వినండి. మేము మాత్రం ఆ రోజుల్లో వేలు ఎవరిదన్నది తేల్చుకోవడానికి ఇల్లు రెండుగా చీలేదాకా పోట్లాడుకునేవాళ్లం.

మా ఇంట్లోనూ అదే జరిగింది. మా బాపు చెల్లెలు, మల్లమ్మత్త, కానుపు చూడటానికని నెల ముందే దిగింది. మంచి మనిషి. కానీ ఆమె గొంతు లేస్తే గల్లీ చివర కట్టేసిన గుర్రం తాడు తెంపుకునేది. బిడ్డకు తేనె నాకించే హక్కు అక్కకు మేనత్తగా తనదేనని ఆమె మూట దించకముందే చెప్పేసింది. అక్క మనసులో వేరే మనిషి ఉంది. పక్కింటి హలీమా ఖాలా, మాకు పిన్నమ్మ వరస. ఖాలా భర్తను పోగొట్టుకుని, బట్టలకు జరీ పని చేసుకుంటూ, ఎవరినీ ఒక మాట అనకుండా, ఎవరేమన్నా నవ్వేసి ఊరుకుంటూ బతికిన మనిషి. తన బిడ్డకు ఆ నిదానం రావాలని అక్క కోరిక.

వాదన చాలా రోజులు నడిచింది. ఆఖరికి అత్త ఒక మెట్టు దిగింది. అసలైన తేనె దొరికితే ఖాలానే నాకించవచ్చు. దొరక్కపోతే కల్తీ తేనె కంటే బెల్లం నీళ్లు నయం, అవి తన వేలితో తనే నాకిస్తుంది. బజారులో ఉన్నదంతా కల్తీయేనని ఆమెకు బాగా తెలుసు. అందుకే దిగింది.

ఆ సాయంత్రం అక్క నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"తమ్మీ, నేను నిన్ను ఏమన్న అడిగిన్నా ఇప్పటిదాక?"

"లేదక్కా."

"గిదొక్కటే అడుగుతున్న. మంచి తేనె తే. అత్త వేలు పెట్టని తేనె."

ఆ మాటతో నేను యుద్ధానికి బయలుదేరాను. అసలు అక్క ఈ పని అప్పజెప్పాల్సినవాడు లోకంలో నేనొక్కడినేనని నాకు అనిపించింది. పగులు పట్టడంలో నన్ను మించినవాడెవడు?

బేగంబజార్‌లో మూలికలమ్మే దుకాణాలన్నీ తిరిగాను. తేనెను పరీక్షించే పద్ధతులు నాకు తెలిసినన్ని ఎవరికీ తెలియవు, ఎందుకంటే కనిపించిన ప్రతివాణ్ణీ అడిగి పోగేశాను. నీళ్లలో చుక్క వేస్తే కరగకుండా అడుగుకు పోవాలని ఒకాయన. వత్తి ముంచి వెలిగిస్తే మండాలని ఇంకొకాయన. ఈగ పడితే రెక్కలు దులుపుకుని ఎగిరిపోవాలని మూడో ఆయన. కుక్క వాసన చూసి ముఖం తిప్పుకోవాలని నాలుగో ఆయన. ఇవన్నీ నేను ప్రతి తేనె మీదా చేశాను. నీళ్లలో నెగ్గిన తేనె వత్తి దగ్గర ఓడిపోయేది. వత్తి దగ్గర నెగ్గినది ఈగ ప్రాణం తీసేది. మా గల్లీ కుక్క నేను పెట్టిన ప్రతిదాన్నీ ఆకు కూడా మిగల్చకుండా నాకింది. ఒక్క తేనెను మాత్రం వాసన చూసి పక్కకు తిరిగి పడుకుంది. నేను ఎగిరి గంతేసి, దుకాణానికి తిరిగి వెళ్లి పెద్ద సీసా కట్టించబోయాను. ఇంతలో పక్కింటివాళ్లు వచ్చి, పొద్దటి నుంచి కుక్కకు ఒంట్లో బాగాలేదనీ, ఏమీ ముట్టడం లేదనీ చెప్పారు.

అఫ్జల్‌గంజ్‌లో ఒకడు బకెట్‌లో తేనె పెట్టుకుని కూర్చునేవాడు. పైన తేనెపట్టు ముక్క తేలుతుండేది, దాని మీద చచ్చిన తేనెటీగలు రెండు మూడు, అడవి నుంచి సాక్ష్యానికి వచ్చినట్టు. నేను వరసగా కొన్నాళ్లు వెళ్లి చూశాను. తేనె అమ్ముడుపోతూ ఉంది, బకెట్ నిండుతూ ఉంది, పట్టు ముక్క మాత్రం అదే, ఈగలు కూడా అవే. అడిగితే నా మీద ఇంతెత్తున లేచి, పోలీసును పిలుస్తానన్నాడు. నేను కూడా పిలవమన్నాను. ఇద్దరమూ పిలవలేదు.

కానుపు దగ్గరపడుతున్నా చేతిలో చుక్క తేనె లేదు. అత్త రోజూ అన్నం తింటూ, మంచి నల్లబెల్లం తెప్పించి పెట్టానని మామూలుగా చెప్పేది. అక్క నా ముఖం వంక చూసి తల వంచుకునేది. అప్పుడు హలీమా ఖాలా నన్ను పక్కకు పిలిచి, మీరాలం చెరువు అవతల ఒక జామతోట ఉందనీ, అక్కడ బక్కయ్య అనే ముసలాయన కుండల్లో తేనెటీగలను సాకుతాడనీ చెప్పింది. ఆ తేనె తను ఏటా తెచ్చుకుంటుందట. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా సంగతి తెలిసి భయపడిందట.

"ఒక్క మాట యాద్ పెట్టుకో బేటా," అంది. "అస్లీనా అని మాత్రం అడగకు. అడిగినోనికి వాడు అమ్మడు. చచ్చినా అమ్మడు."

అసలుదేనా అని అడగనని నేను ఖాలా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

అద్దె సైకిల్ తీసుకుని వెళ్లాను. తోట గోడకు మట్టికుండలు అడ్డంగా పొదిగి ఉన్నాయి, వాటి మూతులకు చిన్న చిన్న రంధ్రాలు. ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి. బక్కయ్య పొట్టిగా, కోపంగా, తెల్ల మీసాలతో ఉన్నాడు. నేను ఏమీ అడగకుండానే మొదలుపెట్టాడు. ఎవరో పెద్ద ఇంటి వంటవాడు వచ్చి, రుచి చూసి, మూతి తుడుచుకుని, ఇందులో ఏం కలిపావని అడిగాడట. అది జరిగి ఎన్నో ఏళ్లయినా నిన్ననో మొన్ననో జరిగినట్టు ఆయన చెంపలు అదురుతున్నాయి.

"నీ బిడ్డ నీకే పుట్టిందా అని అడుగుతరా ఎవరన్న? నా తేనెను గూడ గట్ల అడగొద్దు," అన్నాడు.

నేను తల ఊపాను. ఆయన ఒక కుండ మూత తీసి, పొగ ఊది, ఒక పట్టు కోసి, నా ముందే గుడ్డలో పిండాడు. నా కళ్ల ముందే. అయినా నా నాలుక మీద ఆ ప్రశ్న కూర్చుని గంతులేస్తోంది. దవడలు బిగించాను. ఇంకోవైపు చూశాను. ఊపిరి బిగబట్టాను. ఎంత ఆపినా ఏదో ఒకటి బయటికి రాక తప్పలేదు.

"తాతా, ఇవి అస్లీ జామచెట్లేనా?" అన్నాను.

బక్కయ్య పిండటం ఆపి నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. చెట్ల వంక చూశాడు, చెట్లకు వేలాడుతున్న జామకాయల వంక చూశాడు. ఆయన ముఖంలో కోపం పోయి జాలి వచ్చింది. పుట్టుకతోనే ఇట్లనా, మధ్యలో ఏమన్నా అయిందా అని మెల్లగా అడిగాడు. పుట్టుకతోనేనని చెప్పాను. పాపం అనుకుని నా జాడీలో ఇంకో గరిటె ఎక్కువ పోశాడు. పైసలిచ్చి, ఆ జాడీని గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చాను.

అత్త ఆ తేనెను వెలుతురులో పట్టి చూసింది, వాసన చూసింది, నాలుకకు రాసుకుంది, ఇంకోసారి రాసుకుంది, మూడోసారి రాసుకోబోతే అక్క జాడీ లాక్కుంది. ఇంక అనడానికి ఏమీ దొరక్క, సరే కానీయండి అంది. ఆ రోజు అక్క నవ్వడం చూశాను. జాడీని ఉట్టి మీద పెట్టి, దాని కాపలా నాకే అప్పజెప్పింది. ఇక్కడి దాకా నేను తెలివైనవాణ్ణి అని ముందే చెప్పాను కదా. ఇంక అయిపోయింది.

చలి ముదిరింది. ఆ ఏడు మూసీ మీది మంచు గల్లీల్లోకి వచ్చి కూర్చునేది, పొద్దెక్కినా కదిలేది కాదు. అట్లాంటి ఒక పొద్దున అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది, ఖాలా వచ్చింది, బాపు బర్ల దగ్గరికి వెళ్లి అక్కడే నిలబడిపోయాడు. నేను నా వంతు పనిగా ఉట్టి మీది జాడీ దించి, మూత తీసి చూశాను. తేనె తేనెలా లేదు. జాడీ నిండా తెల్లటి పలుకులు. వేలితో నొక్కితే గరగరమన్నాయి.

చక్కెర. బక్కయ్య చక్కెర కలిపాడు. నా కళ్ల ముందే పిండుతూ, నన్ను వెర్రివాణ్ణి చేసి, ఎప్పుడో ఏ సందులోనో కలిపేశాడు. బేగంబజార్‌లో పేరు మోసిన నా చెవి, నా కన్ను, నా వేలు అన్నీ దండగ. నాకు దుఃఖం రాలేదు, పౌరుషం వచ్చింది. ఇంట్లో ఎవరికైనా చూపించవచ్చు, అడగవచ్చు. ఖాలా నాలుగడుగుల దూరంలో నీళ్లు కాగబెడుతోంది. కానీ దొంగను పట్టుకుని వాడి చేతనే ఒప్పించాలని తప్ప ఇంకేమీ తోచలేదు. జాడీ చంకన పెట్టుకుని సైకిల్ ఎక్కాను.

బక్కయ్య చలికి కంబళి కప్పుకుని తన పాక ముందు కూర్చున్నాడు. నేను జాడీలో చూపుడు వేలు రెండో కణుపు దాకా ముంచి, పలుకులు అంటుకున్న ఆ వేలును ఆయన ముక్కు ముందు నిలబెట్టాను.

"తాతా, గిది అస్లీ తేనెనా?"

అడగనే అడిగాను. అడుగుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఇన్ని రోజులు కడుపులో పెట్టుకున్న ప్రశ్న అది. బక్కయ్య కేకలేస్తాడని, బుకాయిస్తాడని అనుకున్నాను. ఆయన లేచి, నా చంకలోని జాడీని మెల్లగా తీసుకుని, పాకలోకి వెళ్లి, నేనిచ్చిన పైసలు తెచ్చి గోడ మీద పెట్టాడు.

"పో బిడ్డా. గీ తేనె నీకు పనికి రాదు," అన్నాడు. తలుపు వేసుకున్నాడు.

దొరికిపోయాడు కాబట్టే జాడీ గుంజుకున్నాడని నేను లెక్కగట్టాను. సాక్ష్యం మాయం చేశాడు. కానీ నా వేలి మీదిది మాయం చేయలేకపోయాడు. ఇంటికి తీసుకెళ్లి అందరికీ చూపించాలి, నేనెట్లా పట్టుకున్నానో చెప్పాలి. అందుకని ఆ వేలును దేనికీ తగలకుండా, ఆకాశం వైపు నిటారుగా పట్టుకుని, ఒంటి చేత్తో సైకిల్ తొక్కుతూ బయలుదేరాను.

యుద్ధం రోజులని చెప్పాను కదా. ఎప్పుడు ఏ విమానం వచ్చి బాంబు వేస్తుందోనని జనం గుబులుగా ఉన్న కాలం. ఒక కుర్రవాడు ముఖం ఎర్రగా చేసుకుని, ఆకాశం వైపు వేలు చూపిస్తూ సైకిల్ మీద దూసుకుపోతుంటే వాళ్లేమనుకోవాలి? నేను పోయే దారంతా తలలు పైకి లేచాయి. టాంగావాడు టాంగా ఆపి పైకి చూశాడు. మసీదు మెట్ల మీద కూర్చున్న పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఒక బట్టల దుకాణంవాడు చూడటం కూడా మానేసి తలుపులు మూసేశాడు. ఎక్కడ భాయ్, ఎక్కడ అని నా వెనక అరుస్తున్నారు. నేను వినిపించుకోలేదు. శాలిబండ ఎత్తు ఎక్కేసరికి నా వెనక ఒక బజారు బజారంతా మెడలు ఎత్తి నిలబడి ఉంది.

ఇంటి ముందుకు వచ్చేసరికి లోపల పసిపిల్ల ఏడుపు వినిపించింది. కాళ్లు కడుక్కున్నాను. ఎడమ చెయ్యి కడుక్కున్నాను. కుడి చేతి జోలికి పోలేదు.

ఆడపిల్ల. స్నానం చేయించి, పాత మెత్తటి చీర ముక్కలో చుట్టి, అత్త ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గదిలో మంచం మీద అక్క ఉంది, గుమ్మానికి దుప్పటి అడ్డం వేలాడుతోంది. నోట్లో ఇంకా ఏమీ పెట్టలేదు. అందరూ నా కోసమే ఎదురుచూస్తున్నారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. నేను వేలు పైకి పట్టుకుని నా గెలుపు కథంతా చెప్పాను. అత్త ముఖం వెలిగిపోయింది. ఖాలా మాత్రం దగ్గరికి వచ్చి, నా మణికట్టు పట్టుకుని, వేలిని వెలుతురుకు తిప్పి చూసింది.

"గిది చక్కెరనా?" అంది.

"మరేంది ఖాలా? పలుకులు కనబడుతలేవా?"

"బేటా, మొన్న రేషన్ దుకాన్ ముంగట పొద్దంత నిలబడితివి. ఎంత తెచ్చినవ్?"

"పిడికెడు."

"మనకు పిడికెడు దొరకదాయె. గా ముసలోడు జాడీడు తేనెల కలిపేటంత చక్కెర యాడికెల్లి తెచ్చిండు? తెచ్చినా, తేనె కంటె పిరమైన చక్కెరను తేనెల కలుపుతడా?"

బెల్లం కలిపే కాలంలో, బంగారమంత విలువైన చక్కెరను కలిపి తేనెను కల్తీ చేసే దానకర్ణుడు లోకంలో ఎవడైనా ఉంటాడా అన్న ఆలోచన, మీరాలం చెరువు దాకా వెళ్లి వచ్చినా నాకు తట్టలేదు. చలికి తేనె పేరుకుంటుందనీ, తన ఇంట్లో ఏటా ఈ రోజుల్లో ఇట్లాగే అవుతుందనీ, జాడీని కాసేపు ఎండలో పెడితే చాలుననీ ఖాలా చెబుతుంటే నా తల నా ఛాతీలోకి దిగిపోతోంది. జాడీ లేదు. అక్క నన్ను అడిగింది ఆ ఒక్కటే.

ఖాలా నా భుజం తట్టింది. "ఫికర్ చెయ్యకు. నీ వేలు మీద ఉన్నదే మస్తు. నా వేలుకు తీసుకొని నాకిస్త. కదలకుండ నిలబడు, చేతులు కడుక్కొని వస్త," అని నీళ్ల వైపు వెళ్లింది.

అంటే ఇంకా పోయిందేమీ లేదు. కదలకుండా నిలబడటమే నా పని. ఏ గాడిదైనా చేయగల పని. కానీ అత్త ఊరుకునే మనిషి కాదు. ఖాలా చేతులు కడుక్కుని వచ్చేలోపు లోపలున్న బెల్లం నీళ్ల గిన్నె తెచ్చి పని ముగించాలని చటుక్కున లేచింది. లేస్తూ, జెర పట్టుకో అని బిడ్డను నా ఎడమ చేతిలో పెట్టి పరుగెత్తింది. నా చేతిలో బిడ్డ, నా వేలి మీద తేనె, నా బుర్రలో ఏమీ లేదు.

పిల్ల వంక చూశాను. పిడికిలంత ముఖం. ఏడ్చి ఏడ్చి ఎర్రబడింది. ముక్కు అచ్చంగా అక్కదే. ఇన్నేళ్లు అక్క ఎవరి కోసం గుడులూ దర్గాలూ తిరిగిందో ఆ మనిషి ఇదిగో నా చేతిలో కాళ్లు తన్నుకుంటోంది. నేను ఒళ్లు మరిచిపోయాను. ఏడవకు తల్లీ అంటూ వేలితో దాని చెంప మీద తాకాను.

పుట్టిన బిడ్డ చెంప మీద వేలు పెడితే ఏం చేస్తుందో ఆడవాళ్లకు తెలుసు, ఇత్తడి దుకాణంలో ఎవరూ చెప్పరు. అది ఇటు తిరిగి, నోరు తెరిచి, నా చూపుడు వేలిని పట్టేసింది. ఏడుపు ఆగిపోయింది. చప్పరించడం మొదలుపెట్టింది. వేలు వెనక్కి తీసుకోవాలని తెలుసు. కానీ అంత చిన్న నోటికి అంత పట్టు ఉంటుందని ఎవరనుకుంటారు? ఆ చప్పరింతకు నా చెయ్యి నా మాట వినలేదు.

ఒక తలుపులోంచి తడి చేతులతో ఖాలా వచ్చింది. ఇంకో తలుపులోంచి బెల్లం నీళ్లతో అత్త వచ్చింది. ఇద్దరూ అక్కడే ఆగిపోయారు.

అత్త గిన్నె కింద పెట్టి, దాని పక్కనే తనూ కూలబడింది. పోరికి వీని బుద్ధే పట్టిందని, దీని నోటికి ఇక భయపడని దుకాణంవాడు ఉండడని, కనీసం తన బుద్ధి వచ్చినా బాగుండేదని మెల్లగా ఏడవడం మొదలుపెట్టింది. అత్త మెల్లగా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

"ఏమైందే అత్తా? తేనె ఎవరు నాకిచ్చిన్రు?" అని దుప్పటి వెనక నుంచి అక్క గొంతు నీరసంగా వచ్చింది.

చెప్పాల్సింది నేనేనని నాకు అర్థమైంది.

"నేనేనక్కా," అన్నాను.

ఆ క్షణంలో నేను పడ్డ బాధ ఎవరికీ రాకూడదు. తన కోసం ఏమీ అడగని మనిషి అడిగిన ఒక్క కోరికను నేను నా తెలివితో పాడుచేశాను. ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను, తిడితే బాగుండునని కోరుకున్నాను.

"నువ్వేనా," అంది అక్క. తర్వాత అలసిన గొంతుతోనే అంది: "ఏం గాదు తియ్యి. నిన్నొకన్ని సాదిన. గిసొంటిదాన్ని ఇంకొకదాన్ని సాదుడు నాకేం కొత్త? ఇటు తే, ఆకలైతున్నట్టుంది దానికి."

బిడ్డను ఖాలా చేతికిచ్చి నేను బర్ల కొట్టంలోకి వెళ్లాను. అక్కడ బాపు ఉన్నాడు. నన్ను చూసి, ఏమైందని అడగకుండా పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను చాలాసేపు ఏడ్చాను. నేను దేన్నైనా కొట్టి చూసి, మోత విని, ఆ తర్వాతే ఇంట్లోకి తెచ్చుకునేవాణ్ణి. అక్క నన్ను ఎత్తుకున్నప్పుడు నాలో ఎన్ని పగుళ్లున్నాయో చూడలేదు. చూసి ఉంటే, పెళ్లి పల్లకీ పక్కన నాకు చోటెక్కడిది? ఇది తెలుసుకోవడానికి నాకు అంత తేనె దండగైంది.

బక్కయ్య మళ్లీ నాకు తేనె అమ్మలేదు. మరుసటి వారం వెళ్లి గోడ అవతలి నుంచే తప్పయిందని చెప్పుకున్నాను. ఆయన విన్నాడు, జామకాయలు మాత్రం ఇచ్చాడు. మా ఇంటికి తేనె కావలసినప్పుడల్లా ఖాలా తెచ్చిపెట్టేది.

ఇక ప్రమాణం. చదువరులారా, ముక్కోటి దేవతల సాక్షిగా, శాలిబండ గల్లీ సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట ఎవరు తేనె పెట్టినా తినడానికే నోరు తెరుస్తాను, అడగడానికి తెరవను. ఈ ప్రమాణం మొన్న మా అక్క కూతురి ముందు, చెయ్యెత్తి, నోటితో చేశాను. ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది, బజారుకు బయలుదేరితే కూరగాయలవాళ్లు తక్కెడలు తుడుచుకుంటారు. అంతా విని, నోటి మాట చెల్లదు మామా, రాసి సంతకం పెట్టి ఇయ్యి అంది. అందుకని రాసి ఇస్తున్నాను.